ముందు ప్రశ్న తేల్చుకోండి, మోడ్ తర్వాత



పోస్టు పొడుగ్గా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. కంప్యూటర్ సైన్స్, ఈసీఈ చదివే అన్నలకు, అక్కలకు, నాతోటివాళ్ళకు ఇది. వేరే బ్రాంచీవాళ్ళు మధ్యలో టెక్నికల్ ముక్క వదిలేసి చివరి భాగం చదివినా చాలు, ఎందుకంటే అది అందరి సంగతి.

మల్టీకోర్ ప్రాసెసర్ మీద బెంచ్‌మార్కులు నడపడం ప్రాజెక్టుగా తీసుకున్నవాళ్ళు మన గ్రూపులో కొందరున్నారు. మంచి టాపిక్. బోర్డులు, సెన్సార్లు కొనే పని లేదు, సిమ్యులేటర్ ఉచితం. కానీ మొదటి మెట్టు దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. సిస్టమ్ కాల్ ఎమ్యులేషన్ అనే ఎస్‌ఈ మోడ్‌లో నడపాలా, ఫుల్ సిస్టమ్ అనే ఎఫ్‌ఎస్ మోడ్‌లో నడపాలా? దీని మీద రెండు సలహాలు తిరుగుతున్నాయి. ఒకటి: "ఎఫ్‌ఎస్ చేస్తేనే ప్రాజెక్టు, ఎస్‌ఈ పిల్లలాట." రెండోది: "ఎస్‌ఈతో కానిచ్చెయ్, ఎవరు చూడొచ్చారు."

నా అభిప్రాయం ఏంటంటే, రెండూ తప్పుడు సలహాలే. నువ్వు ఏం కొలవాలనుకుంటున్నావు అని ఈ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మొదటి సలహా నమ్మినవాళ్ళు చిన్న ల్యాప్‌టాప్‌లో లైనక్స్ బూట్ చేయలేక నెల రోజులు కొట్టుకుని, చివరికి స్కాలర్‌షిప్ డబ్బులతో రెడీమేడ్ ప్రాజెక్టు కొంటున్నారు. రెండోది నమ్మినవాళ్ళకు అంకెలొస్తాయి గానీ, ఆ అంకెలు రిపోర్టులో రాసిన మాటకు సాక్ష్యం ఇవ్వవు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. క్యాష్ రెట్టింపు చేస్తే ఏమవుద్ది, నాలుగు కోర్లను ఎనిమిది చేస్తే ఏమవుద్ది అని చూడ్డానికి ప్రతిసారీ చిప్ తయారు చేయించలేం. అందుకని ప్రాసెసర్‌లా నటించే ఒక ప్రోగ్రాం రాసి, దానిమీద మామూలు ప్రోగ్రాములు నడిపి, ఎన్ని సైకిళ్ళు పట్టాయో లెక్కబెడతారు. జెమ్5 అలాంటి సిమ్యులేటర్. మిషిగన్ యూనివర్సిటీలో పుట్టిన ఎం5, విస్కాన్సిన్ యూనివర్సిటీలో పుట్టిన జెమ్స్, ఈ రెండూ కలిసి జెమ్5 అయింది. 2011లో దాని పేపర్ వచ్చింది. ఏఆర్ఎం, ఏఎండీ ఇంజనీర్లు కూడా దీనికి కోడ్ రాశారు. వాళ్ళు వాడేదీ మన హాస్టల్ ల్యాప్‌టాప్‌లో దిగేదీ ఒకటే సాఫ్ట్‌వేర్.

దానిమీద నడిపే బెంచ్‌మార్కుల్లో ఎక్కువగా వినిపించేది పార్సెక్. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ, ఇంటెల్ కలిసి 2008లో తెచ్చాయి, ఇందులో 13 ప్రోగ్రాములున్నాయి. స్టాన్‌ఫర్డ్‌వాళ్ళ స్ప్లాష్-2 అంతకంటే పాతది, 1995 నాటిది. నాసావాళ్ళ ప్యారలల్ బెంచ్‌మార్కులు కూడా ఉచితమే. స్పెక్ సీపీయూకి మాత్రం లైసెన్స్ కొనాలి. మీ కాలేజీలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రోగ్రాముకు మెమరీ కావాలన్నా, ఫైల్ తెరవాలన్నా, కొత్త థ్రెడ్ పుట్టించాలన్నా కెర్నల్‌ని అడగాలి. ఆ అడగడమే సిస్టమ్ కాల్. మనం కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసులో అర్జీ పెట్టుకున్నట్టే అనుకోండి. ఎఫ్‌ఎస్ మోడ్‌లో ఆ ఆఫీసు మొత్తం ఉంటది. అర్జీ తీసుకునే మనిషి, విచారణ చేసే మనిషి, సంతకం పెట్టే మనిషి, బయట క్యూ, అన్నీ. అంటే సిమ్యులేటర్ లోపల నిజమైన లైనక్స్ కెర్నల్ బూట్ అవుతుంది, డిస్క్ ఇమేజ్ ఉంటది, దానిమీద మన బెంచ్‌మార్క్ నడుస్తుంది. ఎస్‌ఈ మోడ్‌లో ఆఫీసే లేదు. అర్జీ రాయగానే సిమ్యులేటరే సర్టిఫికెట్ తెచ్చి చేతిలో పెడుతుంది.

మీరు కొలిచేది పిల్లాడు పరీక్ష ఎంత వేగంగా రాస్తున్నాడు అన్నదైతే సర్టిఫికెట్ ఎలా వచ్చినా తేడా లేదు. ఆఫీసు చుట్టూ తిరగడానికి ఎన్ని రోజులు పోయాయి అన్నదైతే, ఎస్‌ఈ చెప్పే జవాబు దాదాపు సున్నా. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం గొడవ తీరిపోయినట్టే.

ఎస్‌ఈ ఎక్కడ న్యాయం చేస్తది?

ఒక్క కోర్ లోపలి సంగతులు, అంటే పైప్‌లైన్ వెడల్పు, బ్రాంచ్ ప్రెడిక్టర్, ఎల్1 క్యాష్ సైజు లాంటివి చూసేటప్పుడు ఎస్‌ఈ చాలు. నాలుగు కోర్లమీద నాలుగు వేరువేరు ప్రోగ్రాములు పెట్టి, ఉమ్మడి క్యాష్ కోసం అవి ఎట్లా కొట్టుకుంటున్నాయో చూసేటప్పుడు కూడా చాలు. ఒకే ప్రోగ్రాము పనిని సమానంగా పంచుకుని లెక్కలు చేసుకుపోయేదైతే, పార్సెక్‌లో బ్లాక్‌షోల్స్, స్వాప్షన్స్ లాంటివి, లేదా మనమే రాసుకున్న మ్యాట్రిక్స్ గుణకారం లాంటివైతే, ఎస్‌ఈలో హాయిగా నడుస్తాయి.

కానీ ఒక షరతు ఉంది. ఎస్‌ఈలో షెడ్యూలర్ లేడు. హాస్టల్లో నాలుగు కుళాయిలుండి పదిమంది ఉంటే ఎవరి తర్వాత ఎవరో చూసే మనిషి కావాలి కదా. ఎస్‌ఈలో ఆ మనిషి లేడు కాబట్టి నాలుగు కుళాయిలకు నాలుగే బకెట్లు. ఐదో థ్రెడ్ పుట్టించమంటే ఖాళీ లేదని తిప్పి పంపేస్తది. ఇంకో చిక్కు: మెయిన్ థ్రెడ్ కూడా ఒక కోర్ పట్టుకుని కూర్చుంటది. బ్లాక్‌షోల్స్‌కి నాలుగు థ్రెడ్లు అని చెప్తే పనివాళ్ళు నలుగురు, వాళ్ళకోసం ఎదురుచూసే మెయిన్ ఒకటి, మొత్తం ఐదు. నాలుగు కోర్లు పెట్టి "నడవట్లేదు" అని తలపట్టుకునేవాళ్ళు ముందు ఇది లెక్కబెట్టుకోండి.

ఎస్‌ఈ ఎక్కడ మోసం చేస్తది?

పార్సెక్‌లోనే ఫెర్రెట్, డీడప్ ఉన్నాయి. ఇవి పైప్‌లైన్ పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు. నాలుగు అని చెప్తే మొత్తం నాలుగు కాదు, మధ్యలో ఉన్న ఒక్కో దశకూ నాలుగేసి పుట్టిస్తాయి. థ్రెడ్లు కోర్ల కంటే ఎక్కువైపోతాయి. ఎవరిని ఎప్పుడు నిద్రపుచ్చాలి, ఎవరిని లేపాలి అన్నదే అక్కడ అసలు కథ. ఆ కథ నడిపేది కెర్నల్. కెర్నల్ లేనిచోట ఆ ప్రోగ్రాముల్ని నడిపి వేగం గురించి మాట్లాడకూడదు. అలాగే టీఎల్‌బీ మీద ప్రాజెక్టు చేస్తుంటే ఎస్‌ఈ పనికిరాదు. ఎస్‌ఈలో అడ్రస్ దొరక్కపోతే సిమ్యులేటర్ తన దగ్గరున్న పట్టిక చూసి వెంటనే చెప్పేస్తది, నిజం ప్రాసెసర్ పేజీ టేబుల్ వెంట నడిచే ఖర్చు లెక్కలోకే రాదు. ఫైళ్ళు ఎక్కువగా చదివి రాసేవి, ఇంటరప్టులు, థ్రెడ్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారడం, ఇవన్నీ ఎఫ్‌ఎస్ పనులు.

ఏది ఏ రకమో ఎట్లా తెలుస్తది? దీనికి సిమ్యులేటర్ కూడా అక్కర్లేదు. ల్యాబ్‌లో ఏ లైనక్స్ మెషీన్ మీదైనా ఆ బెంచ్‌మార్క్‌ని ముందు మామూలుగా నడపండి. ముందు టైమ్ కమాండ్ పెట్టండి. రియల్, యూజర్, సిస్ అని మూడు అంకెలొస్తాయి. యూజర్ అంటే ప్రోగ్రాము సొంత పనికి పట్టిన సమయం, సిస్ అంటే దాని తరఫున కెర్నల్ చేసిన పనికి పట్టిన సమయం. సిస్ చాలా తక్కువగా ఉండి, థ్రెడ్లు మీరు పెట్టే కోర్లకు మించకపోతే ఎస్‌ఈకి వెళ్ళొచ్చు. సిస్ లెక్కలోకి వచ్చేంత ఉంటే ఎఫ్‌ఎస్ గురించి ఆలోచించండి. ఎస్‌ట్రేస్ కమాండ్‌తో ఏ సిస్టమ్ కాల్ ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూడొచ్చు. అరగంట పని. ఈ అరగంట పెట్టినవాళ్ళు మోడ్ గురించి ఇంకెవర్నీ అడగాల్సిన పనుండదు.

ఇక ఎఫ్‌ఎస్ భయం సంగతి. భయానికి కారణం లేకపోలేదు. ఒక లెక్క వేద్దాం. మామూలు ప్రాసెసర్ ఒక్క కోర్ మీద సెకనుకు 300 కోట్ల ఇన్‌స్ట్రక్షన్లు చేస్తదనుకోండి. వివరంగా లెక్కగట్టే అవుట్ ఆఫ్ ఆర్డర్ మోడల్ పెట్టినప్పుడు సిమ్యులేటర్ సెకనుకు 2 లక్షలు చేస్తదనుకోండి. నిజం మెషీన్ మీద ఒక్క సెకను పని ఇక్కడ 15,000 సెకన్లు, అంటే నాలుగు గంటల పైమాట. నాలుగు కోర్లు పనిచేస్తుంటే 16 గంటలు దాటిపోద్ది, ఎందుకంటే జెమ్5 మామూలుగా మన మెషీన్‌లో ఒక్క కోర్ మీదే నడుస్తది. ఈ వేగంతో లైనక్స్ బూట్ అయ్యేదాకా కూర్చుంటే, మధ్యలో ఒక్కసారి కరెంటు పోయినా మళ్ళీ మొదటికే.

అయితే అట్లా ఎవరూ కూర్చోరు. ఇది చెప్పకుండా "ఎఫ్‌ఎస్ చెయ్" అని చెప్పేవాళ్ళ మీదే నా కోపం. బూట్ అవడం మనం కొలిచే పని కాదు కదా, దాన్ని వివరంగా లెక్కగట్టడం ఎందుకు? బూట్‌ని త్వరగా నడిచే మోడల్‌తో దాటించాలి. మన ల్యాప్‌టాప్ ఎక్స్86, సిమ్యులేట్ చేసేదీ ఎక్స్86 అయితే కేవీఎం వాడొచ్చు. అప్పుడు కెర్నల్ మన ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తది కాబట్టి చకచకా బూట్ అయిపోద్ది. ల్యాబ్ మెషీన్లలో బయాస్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉంటే ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగి ఆన్ చేయించుకోండి. ఎక్స్86 మెషీన్ మీద ఏఆర్ఎం సిమ్యులేట్ చేసేవాళ్ళకు కేవీఎం కుదరదు, వాళ్ళు అటామిక్ మోడల్‌తో బూట్ చేసుకోవాలి. కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

బూట్ అయ్యాక, బెంచ్‌మార్క్ ముఖ్యభాగం మొదలయ్యే చోట చెక్‌పాయింట్ తీసి దాచుకోవాలి. పార్సెక్ ప్రోగ్రాముల్లో ఆ ముఖ్యభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తులు ముందే పెట్టి ఉంచారు. ఆ తర్వాత ఎన్ని ప్రయోగాలైనా ఆ చెక్‌పాయింట్ నుంచే, వివరమైన మోడల్‌తో మొదలుపెట్టొచ్చు. బూట్ ఖర్చు ఒక్కసారే. అయితే చెక్‌పాయింట్ తీసినప్పుడు ఎన్ని కోర్లున్నాయో తిరిగి లేపేటప్పుడూ అన్నే ఉండాలి. రెండు కోర్లకు ఒకటి, నాలుగుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి విడివిడిగా తీసుకోవాలి. మామూలు క్లాసిక్ మెమరీ మోడల్‌లో క్యాష్‌ల లోపలి సరుకు చెక్‌పాయింట్‌లో ఉండదు. కాబట్టి లేచాక కొంతసేపు నడిపి క్యాష్‌లు వేడెక్కాక, అంకెల్ని సున్నా చేసి అప్పుడు లెక్క మొదలుపెట్టాలి. ఇన్‌పుట్ కూడా నేటివ్ సైజుది పెట్టకండి, అది నిజం మెషీన్ల కోసం. సిమ్యులేటర్ల కోసమే సిమ్‌స్మాల్, సిమ్‌మీడియం, సిమ్‌లార్జ్ అని విడిగా ఇచ్చారు.

ఇంకో మూడు మాటలు, ఏ మోడ్‌కైనా పనికొచ్చేవి.

ఒకటి, అటామిక్ మోడల్ అంకెల్ని వేగం అని రిపోర్టులో రాయకండి. అది దారి దాటించడానికి ఉన్న బండి. మెమరీ ఆలస్యాన్ని అది సరిగా లెక్కగట్టదు. కొలిచేటప్పుడు టైమింగ్, మైనర్, ఓ3 మోడళ్ళలో ఒకటి ఉండాలి. కోర్ల మధ్య కోహీరెన్స్ గురించే మీ ప్రశ్న అయితే రూబీ మెమరీ మోడల్ కూడా కావాలి.

రెండు, మల్టీథ్రెడ్ ప్రోగ్రాముకు ఐపీసీ చూపించి "వేగం పెరిగింది" అనకండి. లాక్ కోసం ఎదురుచూసే థ్రెడ్ ఊరికే గిరగిరా తిరుగుతూ ఇన్‌స్ట్రక్షన్లు చేస్తూనే ఉంటది. ఐపీసీ పెరుగుద్ది, పని జరగదు. అలమెల్దీన్, వుడ్ 2006లో ఈ సంగతి మీదే పేపర్ రాశారు. మొత్తం పనికి పట్టిన సమయం చెప్పండి.

మూడు, ఒక్కసారి నడిపి తేల్చేయకండి. లాక్ ఎవరికి ముందు దొరికింది అన్నది కొంచెం మారినా ప్రోగ్రాము నడిచే దారే మారిపోద్ది. ఇది కూడా అదే ఇద్దరు 2003లో చూపించారు. సిమ్యులేటర్ ప్రతిసారీ ఒకే జవాబు ఇస్తుంది కాబట్టి అదే నిజమనిపిస్తది. మెమరీ ఆలస్యాన్ని అటూఇటూ చిటికెడు మార్చి కొన్నిసార్లు నడిపి, సగటుతో పాటు తేడా ఎంతుందో కూడా రాయండి. రెండు డిజైన్ల మధ్య తేడా ఒక శాతమే ఉండి, ఊరికే నడిపితేనే మూడు శాతం అటూఇటూ అవుతుంటే, మన దగ్గర ఫలితం లేనట్టే.

"ఇన్ని చెప్పావు గానీ, రివ్యూలో ఎఫ్‌ఎస్ ఎందుకు చేయలేదని అడిగితే?" అంటారు. అడగనివ్వండి. అడగాల్సిన ప్రశ్నే అది. "నా ప్రశ్న ఉమ్మడి క్యాష్ గురించి. నిజం మెషీన్ మీద సిస్ సమయం ఇంత వచ్చింది, థ్రెడ్లు కోర్ల కంటే తక్కువ, టీఎల్‌బీ గురించి నేనేం చెప్పట్లేదు, అందుకే ఎస్‌ఈ" అనండి. ఈ జవాబు చెప్పినవాళ్ళని ఎవరూ కింద కూర్చోబెట్టలేరు. ఎఫ్‌ఎస్ చేసి కూడా ఎందుకు చేశారో చెప్పలేనివాళ్ళు అక్కడే దొరికిపోతారు. ఎఫ్‌ఎస్‌లో నడిపినంత మాత్రాన అంకె నిజమైపోదు. కెర్నల్ వెర్షన్ ఏంటి, కంపైలర్ ఏంటి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొలిచారు అన్నది రాయకపోతే ఆ అంకెను ఇంకొకరు తిరిగి తెచ్చుకోలేరు.

ఇక అందరికీ చెప్పాలనుకున్న మాట.

మన ఇళ్ళల్లో మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు చాలామందికి లేరు. ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ ఎలక్టివ్ అన్నది ఎవరో చెప్తే చేసుకుంటూ వచ్చినవాళ్ళమే ఎక్కువ. చెప్పింది చేస్తే చాలు, తిరిగి అడిగితే ఏమనుకుంటారో అన్న భయం మనకు అలవాటైపోయింది. అందుకే "పెద్దది" అని ఎవరైనా అంటే దానికి దండం పెడతాం, లేదా మనవల్ల కాదని పక్కకు తప్పుకుంటాం. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్ళ వ్యాపారం నడిచేది ఈ రెండింటి మధ్యనే. ఆ సీడీలో ఏ మోడ్ వాడారో, ఎందుకు వాడారో కొన్నవాళ్ళకు తెలియదు. వైవాలో నోరు పెగలకపోతే "వీళ్ళింతే" అనే మాట ఆ ఒక్కరి మీద ఆగదు, మనందరి మీదా పడుతుంది.

మోడ్ ఎంచుకోవడం చిన్న విషయమే. కానీ ఎవరూ చెప్పకుండా, సొంతంగా కొలిచి, కారణం చూపించి తీసుకునే నిర్ణయం అది. ల్యాప్‌టాప్ చిన్నదైతే ప్రశ్నను చిన్నది చేసుకోండి, అందులో సిగ్గేమీ లేదు. రెండు కోర్లు, సిమ్‌స్మాల్ ఇన్‌పుట్, రెండు క్యాష్ సైజులు. ఇంతే చేసినా అంకె వెనుక మీరు నిలబడగలిగితే అది మీ ప్రాజెక్టు.

చివరిగా గ్రూపుకు ఒక ప్రతిపాదన. డిస్క్ ఇమేజ్‌లు జీబీల్లో ఉంటాయి, హాస్టల్ నెట్‌తో దించాలంటే రాత్రుళ్ళు జాగారమే. జెమ్5 కంపైల్ చేయడానికి కూడా ర్యామ్ బాగా తింటది, తక్కువ ర్యామ్ ఉన్నవాళ్ళు ఒకేసారి ఎక్కువ జాబ్స్ పెడితే మధ్యలో చచ్చిపోద్ది. ఇదంతా ప్రతి ఒక్కరూ విడివిడిగా పడాల్సిన బాధ కాదు. జెమ్5 ప్రాజెక్టువాళ్ళే కెర్నళ్ళు, పార్సెక్ ఉన్న డిస్క్ ఇమేజ్‌లు తయారుచేసి ఉచితంగా పెట్టారు. మనలో మంచి నెట్ ఉన్నవాళ్ళు ఒకరు దించి, అందరం ఒకే వెర్షన్ జెమ్5కి కట్టుబడి, రెండు, నాలుగు కోర్లకు చెక్‌పాయింట్లు తీసి, ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి హాస్టల్ నుంచి హాస్టల్‌కి పంపించుకుందాం. వెర్షన్ మారితే పాత చెక్‌పాయింట్లు లేవకపోవచ్చు, అందుకే ఒకే వెర్షన్ అంటున్నా. సెలవుల్లో ఊళ్ళకు పోయేటప్పుడు ఎవరి చేతికి ఇస్తే ఎవరికి చేరుద్దో మనకు తెలుసు కదా.

ఈ పనిలో కలిసేవాళ్ళు కింద మీ బ్రాంచి, మీ మెషీన్ ర్యామ్ ఎంత, మీరు కొలవాలనుకుంటున్నది ఏంటి, ఈ మూడూ రాయండి. మోడ్ ఏదో రాయక్కర్లేదు. ఆ మూడూ చూస్తే మోడ్ మనకే తెలిసిపోద్ది.

జోహార్.